ముందున్నదేమిటి, మీరు కలిపిందేమిటి?

ఫార్మసీలో, బయోటెక్నాలజీలో పట్టాలు అందుకున్న మీకు అభినందనలు.

నేను మందుల పేటెంట్లు చూసే అటార్నీని. ముందున్నదేమిటి, మీరు కలిపిందేమిటి అని అడగడమే నా వృత్తి. రాఘవేంద్రస్వామి క్షేత్రమైన ఈ మంత్రాలయానికి ఈ ప్రశ్న కొత్త కాదు. బ్రహ్మసూత్రాల మీద మధ్వాచార్యులు అనువ్యాఖ్యానం రాశారు. దానికి జయతీర్థులు న్యాయసుధ, న్యాయసుధకు రాఘవేంద్రస్వామి పరిమళం రాశారు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో, తర్వాతివారు ఏం చేర్చారో చదివేవాడికి తెలుస్తుంది. పేటెంటు దరఖాస్తులో క్లెయిమూ, అంటే నేను కొత్తగా కనిపెట్టింది ఇదీ అని చెప్పే భాగమూ, అంత తేటగా ఉండాలి.

గాయానికి పసుపు అద్దడం మన అవ్వలందరికీ తెలిసిన వైద్యమే. అయినా 1995లో అమెరికా దానిమీద పేటెంటు ఇచ్చేసింది. మన సీఎస్‌ఐఆర్ సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలు తిరగేసి సాక్ష్యం చూపాక 1997లో రద్దయింది. ఇంటింటికీ తెలిసిన సంగతైనా కాగితం మీద కనబడితేనే అక్కడ చెల్లింది. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ, సంతకం మరవొద్దని మీ మాస్టార్లు పోరుపెట్టేది అందుకే.

ఇక మందుల సంగతి. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అదే మందును మరో పద్ధతిలో చేసుకునే ఆ వెసులుబాటుతోనే హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎదిగింది. 2005 నుంచి మందుకే పేటెంటు దొరుకుతోంది. అయితే ఆ చట్టంలోని 3(డి) సెక్షన్ ఒక షరతు పెట్టింది: తెలిసిన పదార్థానికి రూపం మారిస్తే చాలదు, జబ్బు మీద అది మెరుగ్గా పనిచేస్తుందని రుజువు కావాలి. నోవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ మాటే ఖరారు చేసింది. అక్కడ ఎదురు నిలిచినవారిలో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఒకటి. 2012లో అదే నాట్కోకు, బేయర్ క్యాన్సర్ మందు నెక్సావర్ మీద దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా ఆ మందు తయారుచేసే అనుమతి, వచ్చింది. నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలయ్యే మందు తొమ్మిది వేల లోపుకు దిగింది. బేయర్ పేటెంటు నిలిచింది, దానికి రాయల్టీ కూడా ఖరారైంది.

ఇలాంటి కేసుల్లో రెండు వైపులా సైన్సు చదివినవాళ్ళే ఉంటారు. మీరు ఎటు కూర్చున్నా సరే, కక్షిదారు తెచ్చిన ఫలితంలో పస లేకపోతే ఆ మాట అతనితో ముందు మీరే చెప్పండి. ఫీజు పోతే పోనివ్వండి.

ఈ వృత్తిలోకి రావాలనుకుంటే, సైన్సు డిగ్రీతో పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. కోర్టులో వాదించాలంటే మాత్రం లా చదవాలి. మన దరఖాస్తులు చెన్నై పేటెంటు ఆఫీసుకు వెళతాయి. కడప కొండల ఎర్రచందనం మీద పరిశోధించి పేటెంటు కోరితే, చెన్నైలోనే ఉన్న జాతీయ జీవవైవిధ్య సంస్థకూ లెక్క చెప్పాలి. వనరును కాపాడిన ఊళ్ళకు లాభంలో వాటా దక్కాలన్నది 2002 జీవవైవిధ్య చట్టం ఉద్దేశం.

చివరగా ఒక మాట. పేటెంటు ఆయుష్షు ఇరవై ఏళ్ళే. ఆ తర్వాత మీరు రాసిన పద్ధతి జనం సొత్తు. ఎక్కడో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరిన కెమిస్టు దాన్ని చదివి, అదే మందు చవగ్గా తయారుచేయాలి. ఏదీ దాచకుండా, ఆ కుర్రాడికి అర్థమయ్యేలా రాయండి.