ముక్క ఎవరి కంచంలో పడుతోంది? బేగం బజార్ నుంచి ఒక మాట

ఈ వారం స్టూడియో లేదు. బేగం బజార్‌లో, ఒక గిన్నెల షాపు పక్కన నిలబడి మాట్లాడుతున్నాను. వెనకాల ట్రాలీ ఆటోల హారన్లు, హమాలీల కేకలు వినిపిస్తాయి, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి.

ఇక్కడికే ఎందుకు వచ్చానో చెప్తాను. మీరు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "బ్రో, మాంసం తినాలా, మానేయాలా? ఏది మంచిది?" ఈ ప్రశ్నకి హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి చోటు లేదు. నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకి ఇచ్చిన జాగా ఇది, అందుకే బేగం బజార్ అయింది. ఒక గల్లీలో కాజు, బాదం, పప్పులు, మసాలాలు. షాపుల వాళ్లలో చాలామంది తరాల కిందట వచ్చి స్థిరపడ్డ మార్వాడీ, గుజరాతీ కుటుంబాలవాళ్లు. గుడ్డు కూడా ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి. అదే బజార్లో చేపల మార్కెట్ కూడా ఉంది. ఒకవైపు ఇంగువ వాసన, ఇంకోవైపు చేపల వాసన. ఇద్దరి వ్యాపారం ఒకే బజార్లో నడుస్తోంది.

ఏడాది క్రితం వరకూ ఆ ప్రశ్నకి నా దగ్గర రెడీ జవాబు ఉండేది. "మాది నాన్‌వెజ్ ఇల్లండి, మాకు ప్రోటీన్, ఐరన్ ప్రాబ్లం లేదు" అనేవాణ్ణి. వెజిటేరియన్ ఫ్రెండ్స్‌ని ఆటపట్టించేవాణ్ణి కూడా. ఆ జవాబు ఒక్క రోజులో కూలిపోయింది.

మా అమ్మకి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రాత్రిళ్లు కాళ్లు గుంజుతున్నయ్ అనేది. నేనేమన్నానో తెలుసా? "వయసమ్మా, కొంచెం వాకింగ్ చెయ్యి." అట్ల మూడు నెలలు గడిపేశాను. చివరికి ఒకరోజు వంటింట్లో కళ్లు తిరిగి కూర్చుండిపోతే అప్పుడు పరీక్షలు చేయించాను. హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకి 12 ఉండాలి.

డాక్టర్ గారు అమ్మని అడిగారు, "ఏం తింటారమ్మా మీరు?" నేను మధ్యలో దూరి, "మేం నాన్‌వెజ్ అండి, అన్నీ తింటాం" అన్నాను. ఆమె నా వైపు చూసి, "నేను మీ అమ్మగారిని అడిగాను" అన్నారు.

అమ్మ కాసేపు ఆలోచించి చెప్పింది. "ఆదివారం చికెన్ వండుత మేడమ్. నేను ఓ మెడ ముక్క, ఇంత పులుసు ఏసుకుంట. పిల్లలు తింటరు గదా."

నాకు సిగ్గేసింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పులుసు నా కళ్ల ముందే జరుగుతోంది, నేను చూడలేదు.

ఇంటికొచ్చి ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను. ఏం చేస్తాం, అలవాటు పోదు కదా. అమ్మ వారం ఎట్లుంటదో రాశాను. సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న. మిగిలింది బుధవారం, ఆదివారం. ఏడాదికి 104 రోజులు. అందులో శ్రావణం, కార్తీకం రెండు నెలలు అసలు తినదు, ఇంకో 17 రోజులు పోయాయి. మిగిలినవి సుమారు 87 రోజులు. మిగతా 278 రోజులు అమ్మ వెజిటేరియనే. అంటే మా "నాన్‌వెజ్ ఇంట్లో" అమ్మ నాలుగు రోజుల్లో మూడు రోజులు శాకాహారి, నాలుగో రోజు మెడ ముక్క.

మరి నేను? ఆఫీస్‌లో పనిచేసినప్పుడు మధ్యాహ్నం క్యాంటీన్లో చికెన్, సాయంత్రం ఫ్రెండ్స్‌తో బిర్యానీ. నాన్న కూడా బయట ఏదో ఒకటి తినేవాడు. ఇల్లు ఒకటే, పేరు ఒకటే, కంచాలు మాత్రం వేరు.

ఇది మా ఇంటి ఒక్కదాని కథే అనుకోకండి. 2014లో కేంద్రం చేయించిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ బేస్‌లైన్ సర్వే ఉంది. దాని ప్రకారం దేశంలో మాంసాహారులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం మన తెలంగాణ. 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 98.8 శాతం, ఆడవాళ్లలో 98.6 శాతం. అదే సర్వేలో రాజస్థాన్‌లో సుమారు 75 శాతం శాకాహారులు. ఈ బజార్లో చాలా కుటుంబాల పూర్వీకుల ఊళ్లు అక్కడివే.

ఇప్పుడు రెండో లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం. రాజస్థాన్‌లో 54.4 శాతం.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. దాదాపు అందరూ మాంసం తినే రాష్ట్రం, నలుగురిలో ముగ్గురు తినని రాష్ట్రం. రెండు చోట్లా సగానికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువే. అదే సర్వేలో తెలంగాణ మగవాళ్లలో మాత్రం సుమారు 15 శాతం. నెలసరి, కాన్పుల వల్ల ఆడవాళ్లకి ఐరన్ ఎక్కువ ఖర్చవుతుంది, తేడాకి అది పెద్ద కారణం, ఒప్పుకుంటాను. అందుకే ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన లెక్కలో మగవాళ్లకి రోజుకి 19 మిల్లీగ్రాముల ఐరన్ అంటే, ఆడవాళ్లకి 29 అన్నారు. ఎక్కువ కావాల్సిన మనిషికి మన ఇళ్లలో తక్కువ పడుతోంది. అసలు సమస్య అక్కడుంది.

ఇంకోటి, దీన్ని పట్టుకుని "చూశారా, మాంసం వేస్ట్" అని షార్ట్స్ చేయకండి. మాంసంలో ఉండే ఐరన్‌ని శరీరం తేలిగ్గా పీల్చుకుంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. ఇది నిజం. కానీ ఆ లాభం రావాలంటే ముక్క నోట్లో పడాలి కదా? సర్వేలో "నేను మాంసాహారిని" అని టిక్ పెడితే రక్తం పెరగదు. ఇంకో విషయం, మనం రోజూ తినే బ్రాయిలర్ చికెన్‌లో ఐరన్ తక్కువే. మటన్‌లో అంతకంటే ఎక్కువ, కార్జంలో ఇంకా చాలా ఎక్కువ.

తినని వాళ్లకి దారి లేదా? ఉంది, కానీ కొంచెం ప్లాన్ కావాలి. నువ్వులు, శనగలు, ఆకుకూరలు తినండి. పక్కన నిమ్మకాయో, ఉసిరికాయో, జామపండో ఉండాలి. విటమిన్ సి ఉంటే ఆ ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఐరన్‌ని అడ్డుకుంటుంది. కనీసం గంట ఆగండి. బీ12 విటమిన్ మాత్రం మొక్కల నుంచి రాదు. పాలు, పెరుగు తీసుకుంటే కొంత వస్తుంది. అవి కూడా మానేసిన వీగన్లు టాబ్లెట్ వేసుకోవాల్సిందే, ఇందులో బేరం లేదు.

ప్రోటీన్ సంగతి కూడా చెప్పేస్తాను. ఐసీఎంఆర్ లెక్కలో కిలో బరువుకి 0.83 గ్రాములు. 55 కిలోల మనిషికి రోజుకి సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములకి పైనే ఉంటుంది. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, తింటే 7 గ్రాముల దాకా వస్తుంది. ఆదివారం ఒక్కరోజు కిలో చికెన్ తెచ్చి మిగతా ఆరు రోజులు నీళ్ల పప్పుతో నడిపిస్తే ఈ లెక్క కుదరదు. ప్రోటీన్ రోజూ కావాలి, పండగకి కాదు.

సరే, డాక్టర్ గారు ఐరన్ టాబ్లెట్లు రాశారు. రక్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి ఇంకొన్ని పరీక్షలు కూడా చేయించారు. మీరూ అదే చేయండి. తిండితోనే సరిపెట్టుకుందాం అని టాబ్లెట్లు మానకండి. తర్వాతి వారం అమ్మని తీసుకుని ఇక్కడికే వచ్చాను. ఇనుప కడాయి కొందామని. పులుపు కూరలు ఇనుప కడాయిలో వండితే కొంచెం ఐరన్ కూరలోకి దిగుతుంది.

ఈ షాపు సేట్ పెద్దాయన. ఇంట్లో మార్వాడీ, బజార్లో మన తెలుగు. అమ్మ కడాయి చేతిలో పట్టుకుని బరువు చూస్తూ అంది, "చింతపండు ఏస్తే కూర నల్లగైతది కద సేట్."

"అయితదమ్మా. వండినంక ఎంటనే వేరే గిన్నెల తీసుకో. కడాయిల ఉంచొద్దు."

నేను విషయం చెప్పాను, అమ్మకి రక్తం తక్కువ, అందుకే ఇది అని. సేట్ నవ్వాడు. "మీరు మాంసం తింటరు, మీకు గిట్ల ఎందుకైతది? మా ఇంట్ల గుడ్డు గూడ రాదు. మా కోడలికి గీ రక్తం తక్కువే. గోలీలు మింగుతుంది."

అమ్మ కడాయి కింద పెట్టి అడిగింది, "మీ కోడలు ఎప్పుడు తింటది సేట్?"

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "అందరు తిన్నంక" అన్నాడు.

నేను రెండేళ్లుగా వెజ్ వర్సెస్ నాన్‌వెజ్ మీద మాట్లాడుతున్నాను. ఆ ఇద్దరూ రెండు మాటల్లో తేల్చేశారు.

ఈ సంగతి ప్రభుత్వాలకి తెలియంది కాదు. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్య లక్ష్మి పథకం మొదలైంది. గర్భిణులకి, బాలింతలకి అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు. అక్కడే కూర్చుని తినాలి. ఎందుకు అక్కడే? సరుకు ఇంటికి పంపిస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో మనందరికీ తెలుసు. అమ్మ పిల్లాడికి పెడుతుంది, లేకపోతే మామగారికి పెడుతుంది. "అక్కడే తినాలి" అన్న ఆ ఒక్క షరతులో మన ఇళ్ల గురించి చాలా ఉంది.

ఇక తిన్నవాళ్లు, తిననివాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం గురించి. ఇక్కడికి దగ్గర్లోనే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్. ఏటా మృగశిర కార్తెకి బత్తిని కుటుంబం చేప ప్రసాదం వేసేది అక్కడే. చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. దానితో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు లేదు, ఇన్‌హేలర్ మాత్రం మానకండి. నేను చెప్పేది వేరే. శాకాహారులు వస్తే అదే మందు బెల్లంలో పెట్టి ఇస్తారు. చేప వద్దన్నవాణ్ణి వెనక్కి పంపరు, "నువ్వెందుకు తినవ్" అని అడగరు. మనం మాత్రం టు-లెట్ బోర్డు మీద "ఓన్లీ వెజిటేరియన్స్" అని రాస్తాం, లేదంటే పెళ్లి భోజనంలో తిననివాణ్ణి పట్టుకుని "గడ్డి తింటావా" అంటాం.

జీవహింస వద్దు అనుకుని మానేశారా? అది పూర్తి కారణం, నేను దండం పెడతాను. దానికి బలం కోసం వాట్సాప్ భయాలు కలపక్కర్లేదు. 2015లో డబ్ల్యూహెచ్‌వో క్యాన్సర్ సంస్థ సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకం అంది, మటన్, బీఫ్ లాంటి రెడ్ మీట్‌ని "బహుశా కారకం" అంది. చేపల్నీ, కోడినీ ఆ లిస్టులో పెట్టలేదు. అలాగే తినేవాళ్లు "మాంసం లేకపోతే బలం రాదు" అనక్కర్లేదు. అది కూడా నిజం కాదు.

నాలుగు నెలల తర్వాత అమ్మ హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది. ఎక్కువ క్రెడిట్ టాబ్లెట్లదే. కానీ ఇంట్లో ఒక రూల్ మారింది. ఆదివారం కూర నేను వడ్డిస్తాను. మొదటి కంచం అమ్మది. మొదట్లో గొడవ పెట్టేది, "నాకెందుకు రా బిడ్డా, మీరు తినుర్రి" అని. ఇప్పటికీ ఒక ముక్క తీసి నా కంచంలో వేయబోతుంది. నేను కంచం పక్కకి జరుపుతాను. శ్రావణం, కార్తీకం అమ్మ ఇష్టం, అవి అట్లనే ఉన్నాయి. ఆ నెలల్లో పల్లీలు, నువ్వుల లడ్డు, పెరుగు ఇంట్లో అయిపోకుండా చూసే బాధ్యత నాది. అవి కూడా ఈ బజార్ నుంచే.

కాబట్టి "తినాలా, మానేయాలా" అని అడిగితే, అది మీ ఇష్టం అండి. నేను మీకు వేరే హోంవర్క్ ఇస్తాను. ఈ రోజు రాత్రి మీ ఇంట్లో చివర తినేది ఎవరో చూడండి. వాళ్ల కంచంలో ఏముందో చూడండి. రేపు ఆ మనిషికి ముందు వడ్డించండి.

కడాయి బరువుగా ఉంది, చెయ్యి లాగుతోంది. ఇది రెండోది, మా పిన్ని వాళ్లకి. ఉంటాను మరి, వచ్చే వారం కలుద్దాం. నమస్తే.