చూడ్డానికి వెళ్దాం, చులకన చేయడానికి కాదు
(వైట్‌ఫీల్డ్‌లో తెలుగు యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగం)



ఈ సెలవుల్లో మీలో చాలామంది అండమాన్ వెళ్తున్నారని విని సంతోషించాం. వారమంతా ఈ వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో, కంప్యూటర్ల ముందు గడిపే వాళ్లకు సముద్రం మీద మనసు పోవడం సహజం. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ ఉంది. స్కూబా డైవింగ్‌లో పగడాలు, రంగురంగుల చేపలు కనబడతాయి. బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలు, బురద ఉబికే కొండ ఉన్నాయి. ఇవన్నీ దేవుని చేతిపనులే. చూడండి, ఆనందించండి.

అయితే బారాటాంగ్‌కు వెళ్లే దారి గురించి ఒక మాట చెప్పాలి.

అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్య నుంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నీ ఆపి, వరుసకట్టి ఒకేసారి పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. ఆ అడవిలో రోడ్డు మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా అది తెరిచే ఉంది. జారవాలు ఇప్పటికీ కొన్ని వందల మందే. బయటివాళ్లతో కలవడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, వాళ్లలో తట్టు వ్యాపించింది. 2012 జనవరిలో ఒక వీడియో బయటికొచ్చింది. తిండి ఆశ చూపి జారవా స్త్రీలను పర్యాటకుల ముందు నాట్యం చేయమన్నారు. దేశమంతా సిగ్గుపడింది.

మేము గుహలకే వెళ్తున్నాం కదా అంటారు. నిజమే. కానీ బస్సు కిటికీలోంచి మన కళ్లు వెతికేది ఎవరిని? జింకలనా, మనుషులనా? మనలో చాలామంది తాతముత్తాతలు ఊరి అవతల పేటల్లో బతికినవాళ్లు. మనిషిని మనిషిగా చూడకపోతే ఎంత నొప్పో మనకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

సువార్త పేరుతోనూ ఇలాంటి పొరపాటు జరుగుతుంది. 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు చట్టం వద్దన్నా ఉత్తర సెంటినెల్ ద్వీపానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన ఆసక్తిని మేము ఎగతాళి చేయం. కానీ మన జలుబు కూడా ఆ ప్రజలకు చావు కావచ్చు. రావద్దన్నవారి హద్దును గౌరవించడం కూడా ప్రేమే. నికోబార్‌లో చూడండి. అక్కడి బిడ్డ జాన్ రిచర్డ్‌సన్ కొత్త నిబంధనను తన జనుల భాషలోకి తెచ్చారు. బిషప్పు అయ్యారు, మొదటి లోక్‌సభలో సభ్యుడయ్యారు. సొంత మనిషి సొంత భాషలో చెప్పిన మాట అక్కడ నిలిచింది.

మరి మనమేం చేద్దాం? బారాటాంగ్ ఒక్కటి మానుకుంటే మీ యాత్ర చిన్నబోదు. వెళ్లక తప్పకపోతే ఫోన్ సంచిలో పెట్టండి. పగడాలను ముట్టకండి, విరిచి తేకండి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో 100 మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన జాలరి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒక ఆదివారం వాళ్ల మధ్య ఆరాధించండి, వాళ్ల కష్టసుఖాలు వినండి.

నాబోతు ద్రాక్షతోట అహాబు కంటికి బాగుంది. బాగున్నదంతా తనదే కావాలనుకోవడం దగ్గరే పాపం మొదలైంది. భూమి యెహోవాది. మనం ఎక్కడికి వెళ్లినా అతిథులమే. అతిథుల్లా వెళ్లి రండి. దేవుడు మీ ప్రయాణాన్ని దీవించును గాక.