ముట్టగూడదని చెప్పిందెవరు?

(పేట సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చిన్నప్పుడు మనందరం విన్న మాటలే గుర్తుచేస్తున్నా. ఆ బావి ముట్టగూడదు. ఆ వీధిలో చెప్పులేసుకోగూడదు. ఆ అరుగు మీద కూర్చోగూడదు. ఎందుకని అడిగితే మన అమ్మే మన నోరు మూసింది. అమ్మ తప్పు కాదది. అడిగినోడికి దెబ్బలు పడతాయని ఆమెకు తెలుసు. నిషేధం అట్లా మనింట్లోకే వచ్చి కూర్చుంటది. ఇక ఊరు కాపలా కాయనక్కర్లేదు. మన భయమే కాపలా కాస్తది.

మురికి కాబట్టి ముట్టుకోమంటారు. నిజంగా మురికేనా కారణం? మహారాష్ట్రలో మహద్ అనే ఊళ్ళో చవదార్ చెరువుంది. ఒకప్పుడు అందులో పశువులు తాగొచ్చు. వేరే మతాలోళ్ళు తాగొచ్చు. అంటరానోళ్ళు మాత్రం ముట్టగూడదు. ప్రభుత్వ చెరువులూ బావులూ అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా సరేనంది. కాగితం మీద నిషేధం పోయింది. అయినా మనోళ్ళు చెరువులో దిగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్ళి దోసెడు నీళ్ళు తాగారు. ఆ రోజే మనోళ్ళ మీద కర్రలతో పడ్డారు. తర్వాత ఆవుపేడ, ఆవుమూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు చెరువులో పోసి శుద్ధి చేశామన్నారు. మనిషి చెయ్యి తగిలితే మైలంట, పేడ కలిస్తే శుద్ధంట! బొంబాయి హైకోర్టు మనకు హక్కుందని తేల్చేసరికి 1937 వచ్చింది.

ఇక మన నేలకు రండి. 1985 జులై. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగలు తాగేనీళ్ళు ముంచుకునే చెరువులో అగ్రకులపు కుర్రాళ్ళు గేదెల మురికి కలుపుతుంటే, ఇదేం పని అని మనోళ్ళు అడిగారు. అడిగినందుకు కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు.

రెండు చెరువుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మహద్‌లో మన చెయ్యి తగిలితే మైల. కారంచేడులో మనం తాగే నీళ్ళలో గేదెల మురికి కలిస్తే ఎవరికీ మైల గాలేదు. అంటే మురికి ఒట్టి సాకు. అసలు నిషేధం ఒకటే: నువ్వు అడగగూడదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. అక్కడ గొడవ సినిమా హాల్లో కాలు తగిలిన కాడ రాజుకుంది. కాలు తగలడం ఎవరికి నేరం? సమానంగా పక్కన కూర్చున్నోడికే!

కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం కావాల్సిందే. కానీ మహద్ కాగితం మూడేళ్ళు ఊరికే పడుందని మరిచిపోవద్దు. దాన్ని కదిలించింది నడిచిన కాళ్ళు. అందుకే కార్యకర్తలకు చెబుతున్నా. అడగాల్సి వచ్చినప్పుడు ఒక్క కుర్రాణ్ణి ముందుకు తోసి మీరు వెనక నిలబడొద్దు. పేటంతా కలిసి వెళ్ళండి. ఫిర్యాదు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆడోళ్ళని సభలో ముందు కూర్చోబెట్టండి. బిందె ఎత్తింది ఆడమనిషే గదా! మరి మన ఇళ్ళల్లో ఆడపిల్ల ఎదురు ప్రశ్నేస్తే మనమేమంటున్నాం? నోర్ముయ్ అంటున్నాం. అది ఊరి పెద్ద మనకు నేర్పిన మాటే.

ఈ రాత్రి ఇంటికెళ్ళాక మీ బిడ్డ ఎందుకని అడిగితే నోరు ముయ్యకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఈ రెండు చెరువుల కథ చెప్పండి.

జై భీం!