కరెంటు కార్లు – ఒక కర్మాగారపు గ్రామము కథ

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో పారిశుద్ధ్యమును గురించి, ఇంటి పన్నుల వసూలును గురించి మీరు చాలినంత విన్నారు. నేడు నేను చెప్పబోవునది ఒక దూరదేశపు గ్రామమును గురించి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున లార్డ్స్‌టౌన్ అను ఊరు కలదు. పేరులో టౌన్ అని యున్నను చట్టరీత్యా అది విలేజియే. జనాభా మూడు వేల పైచిలుకు మాత్రమే. మనకు సర్పంచి యున్నట్లు దానికొక మేయరు, వార్డు సభ్యుల వలె కౌన్సిలు సభ్యులు కలరు. అనగా మీ వంటివారే ఆ ఊరి వ్యవహారములు నడుపుచున్నారు.

1966వ సంవత్సరమున జనరల్ మోటార్స్ కంపెనీవారి మోటారు కార్ల కర్మాగారము ఆ ఊర ప్రారంభమైనది. అర్ధ శతాబ్దము పాటు ఊరికి అన్నము పెట్టినది అదియే. తండ్రి పనిచేసిన చోటనే కొడుకు, ఆ పిమ్మట మనుమలు పనికి చేరిన కుటుంబములు అచ్చట ఎన్నియో గలవు. మూడు షిఫ్టులు నడచిన రోజులలో సుమారు 4,500 మందికి అందులో పని యుండెడిది. ఒహాయోలో పట్టణములును విలేజీలును తమ హద్దులలో పనిచేయువారి సంపాదనపై కొద్దిపాటి పన్ను వసూలు చేసికొనును. కాబట్టి షిఫ్టు తగ్గిన కొలదిని ఊరి ఖజానాయు తగ్గును.

2017 జనవరిలో మూడవ షిఫ్టును, 2018 జూనులో రెండవ షిఫ్టును ఎత్తివేసిరి. మిగిలిన ఒక్క షిఫ్టును గూడ నిలిపివేయుదుమని 2018 నవంబరు 26న కంపెనీ ప్రకటించినది. 2019 మార్చి 6న చివరి కారు బయటకు వచ్చినది. దీనికంతకును కరెంటు కారే కారణమనుట న్యాయము కాదు. అచ్చట తయారగు చిన్న పెట్రోలు కారునకు గిరాకి పడిపోయినది. ప్రజలు పెద్ద బండ్లకు మొగ్గిరి. కాని విద్యుత్ కార్లకును, డ్రైవరు లేక నడచు కార్లకును హెచ్చు పెట్టుబడి పెట్టెదమని కంపెనీ అదే ప్రకటనలో చెప్పినది.

కార్మికులకు ఇతర రాష్ట్రములలోని కర్మాగారములకు బదిలీ కోరుకొను హక్కు ఉండెను. పింఛను దక్కవలెనన్న కొందరికి అదొక్కటే దారి. టెనెసీకి కొందరు, ఇండియానాకు కొందరు వెడలిరి. పిల్లల చదువులు, ముసలి తల్లిదండ్రులు, కట్టుకొన్న ఇల్లు – ఇవి వెంట రావు గదా! భార్యాబిడ్డలు ఊరిలోను, మనిషి వందల మైళ్ళ దూరములోను ఉండిపోయిన కుటుంబములు ఏర్పడినవి. మన శ్రీకాకుళము వలసలు ఎరిగినవారికి ఈ బాధను నేను వివరింప నక్కరలేదు.

ఖాళీ పడిన కర్మాగారమును కరెంటు ట్రక్కులు చేసెదమని వచ్చిన ఒక క్రొత్త కంపెనీ 2019లోనే కొనినది. ఊరి పేరునే తన పేరుగా పెట్టుకొనినది. ఆశలు చాల కల్పించినది. 2023 జూనులో దివాలా దరఖాస్తు పెట్టినది.

ఇంతలో జనరల్ మోటార్స్‌వారును, కొరియా దేశపు ఎల్.జి. సంస్థవారును కలిసి, అదే ప్రాంతమున కరెంటు కార్ల బ్యాటరీ సెల్లులను తయారు చేయు మరియొక కర్మాగారమును కట్టిరి. 2022 ఆగస్టులో అది పని ప్రారంభించినది. పోయిన పని వేరొక రూపమున తిరిగి వచ్చినదని అందరును సంతోషించిరి. అయితే ఈ విషయమును కొంచెము నిలిచి చూడవలెను. ఇది ఉమ్మడి సంస్థ యగుటచే పాత కార్మిక సంఘపు ఒప్పందము దీనికి వర్తింపలేదు. ప్రారంభ వేతనము గంటకు 16.50 డాలర్లు. పాత కర్మాగారములో సీనియరు కార్మికునకు 30 డాలర్లకు పైబడి ముట్టెడిది. ఊరు అదియే, కూలి మాత్రము సగము!

2022 డిసెంబరులో కార్మికులు సంఘము కొరకు ఓటు వేసిరి. అనుకూలముగా 710, ప్రతికూలముగా 16 ఓట్లు వచ్చినవి. 2023 మార్చిలో అచ్చట ప్రేలుడు, మంటలు సంభవించినవి. ఆ సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వ భద్రతా శాఖ 19 లోపములను ఎత్తిచూపి సుమారు 2,70,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించినది. తుదకు 2024 జూనులో కుదిరిన ఒప్పందముతో ప్రారంభ వేతనము దాదాపు 27 డాలర్లకు పెరిగినది. భద్రతా విషయములు చూచుటకు పూర్తికాలపు కార్మిక ప్రతినిధుల ఏర్పాటును జరిగినది. ఇవి యేవియు కంపెనీ తనంత తానుగా ఇచ్చినవి కావు.

కథ ఇంతటితో సుఖాంతమైనదని చెప్పవలెనని నాకును కలదు. కాని 2025 సెప్టెంబరు 30తో కరెంటు కారు కొనువారికి అమెరికా ప్రభుత్వమిచ్చు 7,500 డాలర్ల పన్ను రాయితీ ముగిసిపోయినది. మరుసటి నెలలోనే, 2026 జనవరి నుండి ఈ బ్యాటరీ కర్మాగారమున 550 మందిని నిరవధికముగను, 850 మందిని తాత్కాలికముగను పనినుండి నిలుపుదుమని ప్రకటన వెలువడినది. పెట్రోలు కారు మీద ఆధారపడిన ఊరు కరెంటు కారు మీద ఆధారపడిన ఊరైనది. ఒక్కదానిమీదనే ఆధారపడుట మాత్రము మారలేదు.

సభ్యులారా, ఇదంతయు మనకెందుకని మీకు తోచవచ్చును. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలములోని ఎర్రమంచి గ్రామమున 2019 నుండి కియా కంపెనీ కార్లు తయారగుచున్నవి. 2025 నుండి అచ్చటనే కరెంటు కారు గూడ తయారగుచున్నది. అచ్చట నేడు మూసివేత భయమేమియు లేదు. లేనిపోని భయము పుట్టించుట నా ఉద్దేశము కాదు. భయము లేని రోజులలోనే లెక్కలు వ్రాసికొనుట తేలిక యని మాత్రము చెప్పుచున్నాను. లార్డ్స్‌టౌన్‌లో మొదటి షిఫ్టు పోయినప్పటికిని, చివరి కారు వెలువడినప్పటికిని నడుమ రెండేండ్ల వ్యవధి ఉన్నది. రెండేండ్లలో ఒక కుర్రవాడు ఐ.టి.ఐ.లో ఒక కోర్సు పూర్తి చేయవచ్చును.

కర్మాగారము లేని పంచాయతీలవారు ఈ సంగతి తమది కాదని అనుకొనరాదు. మీ ఊరి సెంటరులో చెట్టు క్రింద మోటారు సైకిళ్ళు బాగుచేయు మెకానిక్కును ఒకసారి తలచుకొనుడు. ఇంజను శబ్దము విని రోగము చెప్పగల నేర్పరి అతడు. కరెంటు బండికి ఆ శబ్దమే లేదు. ఇంజనాయిలు మార్చు పని లేదు; ప్లగ్గు, పిస్టను, కార్బురేటరు, సైలెన్సరు లేవు. అతని రాబడిలో పెద్ద భాగము వీటినుండియే వచ్చును. టైర్లు, బ్రేకులు, షాకబ్జార్బర్లు, బేరింగులు, లైట్లు మాత్రము ఉండనే ఉన్నవి. అనగా సగము విద్య అతని చేతిలోనే ఉన్నది. మోటారు, కంట్రోలరు, చార్జరు, బ్యాటరీ – ఈ నాలుగింటి పని నేర్పిన చాలును. ఆటో డ్రైవరునకు కరెంటు ఆటో వచ్చినను స్టీరింగు పోదు; ఆటో బాగుచేయువానికే చిక్కు. ఎవరికి ఏది పోవునో విడివిడిగా చూడనిచో సాయము చేరవలసినవానికి చేరదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. కరెంటు కార్ల బ్యాటరీలో సామాన్యముగా 300 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండును. మన ఇండ్లలోని కరెంటు 230 వోల్టులే. శిక్షణ లేనివాడు దాని మూత తీసినచో ప్రాణాపాయము. చూచి నేర్చుకొను మన పాత పద్ధతి దీనికి పనికిరాదు.

పంచాయతీకి దీనిలో అధికారమేమి యున్నదని ఒక సభ్యుడు నిన్న నన్ను ప్రశ్నించిరి. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 విషయములు గలవు. సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య అందొకటి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో దీనిని చేర్చుటకు మీకు అడ్డులేదు. చేయవలసిన మొదటి పని ఖర్చు లేనిది: మీ ఊర మోటారు బండ్ల మీద బ్రతుకువారి పట్టిక. మెకానిక్కులు, విడిభాగముల దుకాణదారులు, బస్సెక్కి కర్మాగారమునకు పోవువారు, వారిలో కాంట్రాక్టు మీద పనిచేయు స్త్రీలు, పురుషులు – అందరి పేర్లు, వయస్సు, చదువు, ఎరిగిన పని అందులో ఉండవలెను. కాంట్రాక్టు వారిని మరువకుడు. పని తగ్గినప్పుడు మొదట ఇంటికి వచ్చువారు వారే. పట్టికను గ్రామసభలో చదివి, సమీపపు ఐ.టి.ఐ. ప్రిన్సిపాలు గారికి ఒక ప్రతి నిండు. చేతిలో పేర్లున్నచో ఆయన మీకు జవాబు చెప్పక తప్పదు.

మీ ఊరికి కర్మాగారము వచ్చుచున్నచో ఆనందముగా స్వాగతింపుడు. స్వాగతించుచునే, స్థానికులను ఏ పనిలోనికి తీసికొందురో, నేరుగానా కాంట్రాక్టు మీదనా, తయారీ మారినప్పుడు వారికి శిక్షణ ఎవరి ఖర్చుతోనో వ్రాతమూలకముగా అడుగుడు. వేతనము నిర్ణయించుట మీ పని కాదు, నిజమే. అడిగి తెలిసికొనుట మాత్రము మీ పనియే.

పట్టిక నమూనాలు ద్వారము వద్ద బల్లమీద ఉంచినాము. ఒక్కొక్క పంచాయతీకి రెండేసి తీసికొనుడు. ఐ.టి.ఐ. ప్రవేశములు వేసవిలో మొదలగును గావున ఆ లోపల పూర్తిచేసిన ప్రతిని మండల కార్యాలయమునకు పంపుడు. ఇక మీ ప్రశ్నలు వినెదను.