నవ్వుకి బందోబస్తు

నాకిచ్చింది పది నిమిషాలు. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి పదకొండు అయితే దాన్ని డిలే అనకండి, ఫీచర్ అనుకోండి.

హాస్యం మీద మాట్లాడమన్నారు. జంధ్యాల గారి గురించి చెబుతాననుకుని ఉంటారు. కాదు. జునాగఢ్‌లో పుట్టిన మునావర్ ఫారూఖీ అనే కుర్రాడి గురించి చెబుతాను, ఎందుకంటే అతని కథలో ఒక సాయంత్రం మన హైదరాబాదుది.

సీతారాముల ప్రస్తావన ఉన్న ఒక జోకు వీడియోని అతను 2020లో యూట్యూబులో పెట్టాడు. చాలామంది నొచ్చుకున్నారు. వీడియో తీసేసి, క్షమాపణ చెప్పాడు. ఆ జోకు నాకూ నచ్చలేదు, ఆ సంగతి దాచను. కానీ హాల్లో అన్న మాట హాల్లోనే పోతుంది, రికార్డయిన మాట టిక్కెట్టు కొననివాళ్ళ ఇంటికి కూడా వెళ్తుంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో షో ఇవ్వబోతుండగా అరెస్టు చేశారు. ఆ రాత్రి ఇంకా జోకులు మొదలే కాలేదని అక్కడున్నవాళ్ళు చెప్పారు. రన్ చేయని ప్రోగ్రాం మీద బగ్ రిపోర్టన్నమాట! హైకోర్టు బెయిలు ఇవ్వలేదు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా జైల్లోనే ఉన్నాడు.

ఆ ఏడాది నవంబరులో బెంగళూరు షో, శాంతిభద్రతల కారణంగా రద్దు. డిసెంబరులో అప్పటి మంత్రి కేటీఆర్ గారు, మా ఊళ్ళో అలా రద్దు చేయం, రండి అన్నారు. జనవరిలో అనుకున్న షో కోవిడ్ వల్ల వాయిదా పడి, చివరికి 2022 ఆగస్టు 20న శిల్పకళా వేదికలో జరిగింది. అడ్డుకుంటామన్న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ గారిని ముందురోజే అదుపులోకి తీసుకున్నారు. వేదిక చుట్టూ భారీగా పోలీసులు. లోపల జనం నవ్వుకున్నారు, ఇళ్ళకి వెళ్ళారు.

కథ అక్కడ ఆగలేదు. రెండు రోజులకి ఆ ఎమ్మెల్యే గారు కూడా ఒక వీడియో విడుదల చేశారు. ఈసారి నొచ్చుకున్నది ముస్లిములు. పాతబస్తీలో ఆందోళనలు, అరెస్టు, పార్టీ నుంచి సస్పెన్షన్, తర్వాత పీడీ యాక్టు. నవంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది.

ఆగస్టు 28న జరగాల్సిన ఢిల్లీ షోకి అక్కడి పోలీసులు అనుమతి ఇవ్వలేదు. మనిషి అతనే, తేడా ఎనిమిది రోజులు. మారింది జోకు కాదండీ, బందోబస్తు.

ఇదంతా బయటినుంచి వచ్చిన ఫ్యాషన్ అనకండి. మన బుర్రకథలో ఒక వంత హాస్యగాడు, ఇంకో వంత రాజకీయం. నాజర్ గారి కాలంలో ఆ బుర్రకథనే నిషేధించారు. "మా భూమి" నాటకాన్ని కూడా.

ఇక మన సింగపూర్. ఇక్కడ స్టేజి మీద ప్రదర్శనకి సాధారణంగా ముందే లైసెన్సు తీసుకోవాలి. అయినా కుమార్ అనే మన ఇండియన్ కమెడియన్, ఆడవేషం వేసి, చైనీయుల్నీ మలయుల్నీ మనల్నీ వరసపెట్టి ఆటపట్టిస్తూ 1990ల నుంచీ నెట్టుకొచ్చాడు. మరి మనవాళ్ళ సంగతి?

కొన్నేళ్ళ క్రితం ఒక ఉగాది కార్యక్రమానికి సాంస్కృతిక బాధ్యత నాది. ఇక్కడే పెరిగిన ఒక కుర్రాడు ఏడు నిమిషాల ఐటెం ఇస్తానన్నాడు. స్క్రిప్టు ముందే తెప్పించుకున్నాను. అందులో ఒక లిఫ్టు జోకు ఉంది. హెచ్‌డీబీ బ్లాకుల్లో 1989 నుంచి జాతులవారీ కోటా ఉంది కదా, గవర్నమెంటుకి మన జాతి తెలిస్తే చాలట, తెలుగు ఆంటీకి మాత్రం లిఫ్టు పదో అంతస్తు చేరేలోపు ఇంటిపేరు, ఊరు అడిగి కులం కూడా తేల్చుకోవాలట.

కొట్టేశాను. స్పాన్సర్లు నొచ్చుకుంటారేమోనని. అప్పటికి ఎవరూ నొచ్చుకోలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇండోర్ పోలీసులకి కనీసం కాగితమైనా అందింది.

కుర్రాడు స్టేజి మీద ఆ జోకు అననే అన్నాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వెనక వరసల్లోంచి నవ్వు మొదలై ముందు వరస దాకా వచ్చింది. మా ఆవిడ కూడా నవ్వింది.

వీడియో ఎడిటింగూ నేనే. ఆ ఇరవై సెకన్లు కోసేశాను. "అంకుల్, నా లిఫ్టు జోకు ఏది?" అని ఫోన్ చేశాడు. "టెక్నికల్ ప్రాబ్లెం బాబూ" అన్నాను. ఆ తర్వాత మన కార్యక్రమాల్లో కనబడలేదు.

కోయని ఫైలు నా హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది. ఈ ఉపన్యాసం రాసుకుంటూ పోయిన వారమే అతనికి పంపాను, నిజం కూడా రాశాను. జవాబు ఇంకా రాలేదు.