శరన్నవరాత్రుల సెలవులు – వంటింటి గణితం

(సికింద్రాబాదులో ఆలయ మండపమున భక్తులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట నేను పురాణం విప్పడం లేదు. దసరా సెలవులు రానున్నవి. పిల్లలు రోజంతా ఇంటనే ఉంటారు. "వీళ్లను ఫోను నుండి ఎట్లా మళ్లించాలండీ?" అని పలువురు తల్లులు నన్ను అడిగినారు. నాకు తోచిన సమాధానం మన వంటింటిలోనే ఉన్నది. అది చెప్పే ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

చిన్ననాట నాకు ఎక్కాలు బెత్తం చూపి నేర్పినారు. నేర్చుకున్నాను గాని, ఆ భయం పోవడానికి చాలాకాలం పట్టినది. అంత తెలిసియుండీ, మా మనవడికి ఏడవ ఎక్కం అదే తీరున వల్లె వేయించబూనినాను. వాడు తడబడినప్పుడల్లా గద్దించినాను. కొన్నాళ్లకు నేను పిలిస్తే చాలు, నాయనమ్మ కొంగు చాటుకు పోయేవాడు. లెక్క రాకపోవడం అటుంచి, తాతంటేనే భయం పట్టుకున్నది.

ఆ దసరాకు మా ఇంట పూర్ణం బూరెలు చేసినారు. నైవేద్యమైన పిమ్మట మా ఇంటి ఆవిడ వాడిని పిలిచి, "నాయనా, మనం ఏడుగురం. అందరి ఆకుల్లోనూ సమానంగా వడ్డించు" అన్నది. వాడు ఒక్కొక్కటి చొప్పున వేస్తూ మూడు చుట్లు తిరిగినాడు. పళ్లెంలో రెండు మిగిలినవి. నాలుగవ చుట్టు సాగదని వాడికే తెలిసిపోయినది. మొత్తం ఎన్నిరా అని అడిగితే, "ఏడు మూళ్లు ఇరవై ఒకటి, రెండు కలిపితే ఇరవై మూడు" అన్నాడు. నెలరోజులు నేను గద్దించి నేర్పలేనిది పావుగంటలో వచ్చినది.

అప్పుడు ఆమె, "లెక్కలో ఒకరిని మరిచినాము. పెరట్లో అంట్లు తోమే అమ్మ కూడా ఈ పూట మన ఇంటనే తింటుంది" అన్నది. మిగిలిన రెండూ ఆమె ఆకులో వేసినాడు. "అందరికీ మూడు, ఆమెకు రెండే" అని వాడే గుర్తించి నిలబడిపోయినాడు. ఇంకా ఎవరూ విస్తరి ముట్టలేదు. నా ఆకులోది ఒకటి తీసి ఆమెకు వడ్డించమన్నాను. "అయితే తాతకు రెండే!" అని పకపక నవ్వినాడు. వాడు నా ఎదుట అట్లా నవ్వి ఎన్నాళ్లయినదో!

శాస్త్రం చదువుకున్న నాకు మాటల అర్థం ఆనాడే సరిగా బోధపడినది. భాగహారంలోని భాగమంటే వంతు. పంచగా మిగిలినది శేషం. దేవునికి సమర్పించగా మిగిలిన దానినీ మనం శేషమనే అంటున్నాము. లెక్కల శేషానికీ ప్రసాద శేషానికీ పేరొక్కటే కావడం నాకు ఎంతో సంతోషం కలిగించినది.

మన పూర్వులు ఈ సంగతి ఎరిగినవారే. మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన శతాబ్దాల క్రిందటనే తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన లీలావతిలో పూజతో ముడివడిన లెక్క ఒకటి కలదు. తామరపూల రాశిలో మూడవ వంతు శివునికి, ఐదవ వంతు విష్ణువుకు, ఆరవ వంతు సూర్యునికి, నాలుగవ వంతు భవానికి సమర్పించగా, మిగిలిన ఆరు పూలు గురుపాదాలకు చెందినవి. మొత్తం పూలెన్ని? నూట ఇరవై.

తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఈ లెక్కను శనగలతో ఆడించండి. అరవై గింజలు చాలు. ఇరవై, పన్నెండు, పది, పదిహేను చొప్పున నాలుగు కుప్పలు పోయించండి. గురువుగారి వంతుకు మూడు మిగులుతవి. కాగితం మీద బెదరగొట్టే భిన్నాలు అరచేతిలో బెదరగొట్టవు.

అంతకంటె చిన్నవారికి కొలత ఆట మేలు. పాత సామానులోని సోల, గిద్ద బయటికి తీయండి. ప్రాంతాన్ని బట్టి కొలతలు కొంత మారుతవి. మా ఇంటి లెక్కకు నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇది ముందుగా చెప్పివేయకండి. బియ్యం పోసి వారినే తెలుసుకోనివ్వండి. "ఎన్ని పడతవి?" అని ముందు ఊహ అడగండి. ఊహ తప్పితే కలిసి నవ్వండి. కుంచానికి అరవై నాలుగు గిద్దలని ఒకనాడు వారే వచ్చి మీకు చెబుతారు. సోల లేని ఇంట గ్లాసు, చిన్న గిన్నె చాలును.

మారేడుపల్లిలో, పద్మారావు నగరులో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు కలవు. పేరంటానికి గుగ్గిళ్లు చేయదలచిన రాత్రి, ఒక సోల శనగలు పిల్లలచేత నానబోయించండి. తెల్లవారి అదే సోలతో కొలిపిస్తే ఇంచుమించు రెండింతలు కనబడుతవి. ఎంతమందికి ఎన్ని దొప్పలు కావాలో వారినే లెక్కించమనండి. అట్టును మడిచి అర, పావు, అరపావు చూపించండి. మూడేళ్ల పాపకు, మనిషికొక ఆకు, ఆకుకొక గ్లాసు పెట్టడమే గణితం.

కొన్ని జాగ్రత్తలు. నివేదనకు ముందు రుచి చూడరాదని పిల్లలకు నెమ్మదిగా చెప్పండి. పొయ్యి, కత్తిపీట పెద్దల చేతనే ఉండాలి. పసివాళ్లు గింజలను ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు. వారిని ఒంటరిగా వదలకండి. ఆడిన ధాన్యం పారవేయక, కడిగి వండుకోండి.

అన్నిటికంటె ముఖ్యమైనది, గద్దించకండి. లెక్క ఈనాడు రాకుంటే రేపు వస్తుంది. పిల్లవాని మనస్సులో పెద్దలపై భయం నాటుకుంటే దానిని పెరికివేయడం కష్టం. మా ఇంట అది ఒక్క బూరెతో తొలగినది, నా అదృష్టం.

మీ ఇళ్ల పళ్లేలు నిండుగా ఉండుగాక! పంచే చేతులు పెరుగుగాక! స్వస్తి.