పది మంది, నలభై మంది: మన పిల్లల లెక్క మనమే చెప్పాలి
(షోలాపూర్ మిల్లు, సాంచా, బీడీ కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



కూలిరేట్లు, బోనస్ గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు మన పేటల్లోని బడి హాజరుపట్టీ గురించి మాట్లాడుకుందాం. ఇంటి సంపాదన ఎట్లా ఉందో బడి హాజరుపట్టీ చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఇది కూడా సంఘం పనే.

షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. తెలంగాణ పల్లెల నుంచి మన పద్మశాలి పెద్దలు మగ్గం పని పట్టుకుని ఇక్కడికి వచ్చారు. నగరం తూర్పు భాగంలో స్థిరపడ్డారు. 2011 జనగణన ప్రకారం ఈ నగర జనాభా 9,51,558. ఇక్కడ మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. ఒకే వీధి పిల్లలు నాలుగు భాషల్లో బడికి వెళ్తారు.

పాత మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. మిల్లు కార్మికునికి నెల జీతం, హాజరు కార్డు ఉండేవి. సాంచాల కార్ఖానాలో నేసిన ముక్కకే కూలి. ఇంట్లో ఆడవాళ్లకు వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. పని తగ్గిన వారం ఇంట్లో డబ్బు తగ్గుతుంది. తల్లి బీడీలు అప్పజెప్పడానికి వెళ్తే చంటిపిల్లను చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగుతుంది. కిరాయి కట్టలేక ఇల్లు మారితే పిల్లవాడి బడి మారుతుంది. బడిలో దీన్ని "గైర్హాజరు" అని ఒక్క మాటలో రాసేస్తారు.

ఈ లెక్కకు ఎంత బలం ఉందో చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 60 మంది పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 మంది ఉంటే ముగ్గురు. ఒక్క పిల్ల తగ్గితే ఒక టీచరు పోస్టుకు ఎసరు వస్తుంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెబుతున్నారంటే తల్లిదండ్రులు ఇంకో బడి వెతుక్కుంటారు. అప్పుడు పిల్లలు ఇంకా తగ్గుతారు. ఇంగ్లీషు మీడియానికి పంపే వారిని మేము తప్పు పట్టడం లేదు. పిల్లలకు మంచి ఉద్యోగం రావాలన్నదే వాళ్ల ఆశ.

భాష సంగతీ అంతే. ఒక తరగతిలో పది మంది గాని, బడి మొత్తంలో నలభై మంది గాని ఒక భాష పిల్లలుంటే, ఆ భాషలో చెప్పే టీచరును ఏర్పాటు చేయాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకుంది. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. కాని ఆ పది మంది ఉన్నారని కాగితం మీద కనబడాలి గదా! చేర్పు ఫారంలో మాతృభాష అన్న చోట "తెలుగు" అని మనమే రాయకపోతే ఏ అధికారి వచ్చి రాస్తాడు?

"తెలుగు అంటే మరాఠీ వద్దని కాదా?" అని కొందరు అడుగుతారు. కానే కాదు. మరాఠీ ఈ గడ్డ భాష, మన పని భాష. 2020 చట్టం ప్రకారం రాష్ట్రంలోని బడులన్నింట్లో మరాఠీ తప్పనిసరి. మన పిల్లలు దాన్ని బాగా నేర్చుకోవాలి. మొదటి అక్షరాలు మాత్రం ఇంట్లో విన్న భాషలో దిద్దితే బడి అంటే భయం ఉండదు.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కగట్టాలని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. లెక్కలవారు వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని చెప్పండి. వచ్చిన ఇతర భాషల్లో మరాఠీ చెప్పండి. రెండింటికీ చోటు ఉంది. ఇంట్లో బీడీలు చుట్టే తల్లిని "ఇంటిపని" అని రాయనివ్వకండి. ఆమె కార్మికురాలు. ఆమె సంపాదన లెక్కలోకి రాకపోతే మన పేట పేదరికం కూడా లెక్కలోకి రాదు.

అందువల్ల మా మనవి మూడు మాటలు. ప్రతి పేటలో ఇద్దరు కార్యకర్తలు బడి ఈడు పిల్లల జాబితా తయారు చేయాలి: వయసు, ఇంటి భాష, తల్లిదండ్రుల పని, బడికి పోతున్నారా లేదా. బీడీ కార్డు లేని తల్లులకు కార్డు ఇప్పించాలి, కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్పుకు పిల్లల చేత దరఖాస్తు పెట్టించాలి. పది మంది తేలిన చోట తెలుగు టీచరు కోసం మహానగరపాలికకు సంతకాలతో అర్జీ ఇవ్వాలి.

కూలి లెక్కలో ఒక్క ముక్క తక్కువైతే మనం ఊరుకోం. పిల్లల లెక్కలో ఒక్కరు తక్కువైనా ఊరుకోవద్దు.